పోస్టరు అంటించాక ఏం జరుగుతుంది? మార్కెటింగ్, ప్రజావిధాన పరిశోధనపై మీ ప్రశ్నలు

ఆరోగ్యం, పర్యావరణం, వినియోగదారుల రక్షణ వంటి పెద్ద సమస్యల్లో మార్కెటింగ్ పరిశోధన ఏం చేయగలదు, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్న విషయంపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మార్కెటింగ్ అంటే సరుకు అమ్ముకునే విద్య అనే చదువుకున్నాను. ఊబకాయం, వాతావరణ మార్పు, అంటువ్యాధులు ప్రభుత్వాలూ డాక్టర్లూ చూసుకోవలసినవి కదా. వీటిలో మార్కెటింగ్ పరిశోధకులకు పనేముంది? — ఒక పీజీ విద్యార్థిని

టీకా కనిపెట్టేది శాస్త్రవేత్త. ఆ టీకా వేయించడానికి తల్లి ఒక రోజు కూలి వదులుకోవాలా, వరసలో ఎంతసేపు నిలబడాలి, రెండో డోసు తేదీ ఆమెకు ఎవరు గుర్తుచేస్తారు, పక్కింటివాళ్లు ఏమంటారు అన్నవి వేరే ప్రశ్నలు. వీటికి జవాబు దొరక్కపోతే టీకా ఫ్రిజ్‌లోనే ఉండిపోతుంది. మనుషులు ఒక వస్తువును ఎందుకు తీసుకుంటారు, ఎందుకు వద్దంటారు, ధర, దూరం, మాట, నమ్మకం ఒక్కొక్కటీ ఎంత బరువు తూగుతాయి అన్నది మార్కెటింగ్ వాళ్లు దశాబ్దాలుగా కొలుస్తూ వస్తున్న విషయమే.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. ఫిలిప్ కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ 1971లో ‘సోషల్ మార్కెటింగ్’ అనే మాటతో ఒక వ్యాసం రాశారు. అదే దశకంలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్కెటింగ్ ప్రొఫెసర్లను పిలిపించి, ప్రకటనలు జనాన్ని ఎలా తప్పుదోవ పట్టిస్తున్నాయో చెప్పించుకుంది. ఈ రంగానికంటూ ప్రత్యేకమైన పరిశోధన పత్రిక, జర్నల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ అండ్ మార్కెటింగ్, 1982లో మొదలైంది.

ఒక ఉదాహరణ చూడండి. లిస్టరీన్ అనే పుక్కిలింత మందు జలుబును, గొంతునొప్పిని ఆపుతుందని ఏళ్ల తరబడి ప్రకటించుకుంది. ఆపదు. 1975లో కమిషన్ ‘సవరణ ప్రకటనలు’ ఇమ్మని ఆదేశించింది, 1977లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని నిలబెట్టింది. సుమారు కోటి డాలర్ల విలువైన ప్రకటనల్లో ఆ మందు జలుబును ఆపదన్న వాక్యం చేర్చాలి. ఇంత చేశాక కూడా పరిశోధకులు వెళ్లి అడిగితే పాత నమ్మకం తగ్గిందే గానీ పోలేదు, వాడకందార్లలో చాలామంది ఇంకా అలాగే అనుకుంటున్నారు. అబద్ధాన్ని ముందే ఆపడం, తర్వాత సరిదిద్దడం కన్నా ఎంత చవకో ఈ కొలత వల్లే తెలిసింది. తీర్పు ఇవ్వడం కోర్టు పని. ఆ తీర్పు జనం బుర్రలోకి ఎంతవరకు చేరిందో కొలిచి చెప్పవలసింది ఈ పరిశోధకులే.

ప్రశ్న: సబ్బుతో చేతులు కడుక్కోవడంపై చాలాకాలంగా ప్రచారం చేస్తున్నాం. కరపత్రాలు పంచాం, గోడల మీద రాయించాం, బడుల్లో పోటీలు పెట్టాం. అడిగితే అందరికీ తెలుసు, చేసేవాళ్లు మాత్రం తక్కువ. ఎక్కడ తప్పుతున్నాం? — ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త

అందరికీ తెలుసని మీరే అంటున్నారు. అంటే మీరు ఎదుర్కొంటున్నది తెలియకపోవడం కాదు. తెలిసిన సంగతినే మళ్లీ మళ్లీ చెప్పడానికి డబ్బు ఖర్చవుతోంది. ప్రచారం ఆపి కొన్ని వారాలు పరిశీలన మీద పెట్టండి.

మొదట ‘చేసేవాళ్లు – చేయనివాళ్లు’ పోలిక చేయండి. అదే ఊళ్లో, అవే పరిస్థితుల్లో ఉన్నవాళ్లలో నిజంగా చేతులు కడుక్కునేవాళ్లను 45 మందిని, కడుక్కోనివాళ్లను 45 మందిని ఎంచుకోండి. ఇద్దరికీ అవే ప్రశ్నలు వేయాలి: ఈ పని చేయడానికి ఏది సులువుగా ఉంది, ఏది అడ్డమొస్తోంది? చేస్తే మంచేమిటి, చెడేమిటి? ఎవరు మెచ్చుకుంటారు, ఎవరు విసుక్కుంటారు? గుర్తుంచుకోవడం ఎంత కష్టం? జవాబులను మీరు ఊహించి గళ్లు కట్టకండి, వాళ్లు అన్నది అన్నట్టు రాసుకుని తర్వాత గుంపులు చేయండి. రెండు వర్గాలూ సమానంగా చెప్పిన జవాబులు పక్కన పెట్టేయాలి. ‘కడుక్కుంటే రోగాలు రావు’ అని ఇద్దరూ అంటే ఆ వాక్యానికి మీ గోడ మీద చోటక్కర్లేదు. తేడా ఎక్కడ పెద్దగా ఉందో అక్కడే మీ పని ఉంది. తరచుగా అది చాలా చిన్న విషయమై ఉంటుంది: సబ్బు వంటింట్లో ఉంది, మరుగుదొడ్డి పెరట్లో ఉంది. లేదా మంచి సబ్బును స్నానానికని దాచి పెడుతున్నారు.

ఘనాలో ఇలాంటి ప్రచారానికి ముందు పరిశోధకులు తల్లులతో కూర్చుని తేల్చుకున్నది ఏమిటంటే, వాళ్లను కదిలించేది రోగభయం కాదు, చేతికేదో అంటుకుందన్న అసహ్యం. దాంతో ప్రకటనల్లో క్రిముల బొమ్మలు, డాక్టరు సలహాలు పక్కనపెట్టి, మరుగుదొడ్డి నుంచి వచ్చిన చేతి మీద ఒక రంగు మరకను చూపించారు. ఆ చేయి తాకిన తిండికీ ఆ రంగు అంటుకుంటుంది. చెప్పకుండానే అర్థమవుతుంది.

తర్వాత కొలత. ‘మీరు కడుక్కుంటారా?’ అని అడిగితే అవునంటారు, ఆ అంకె దేనికీ పనికిరాదు. ఇంట్లో కూర్చుని చూడటం మేలు, కానీ చూసేవాళ్లు ఉన్నారని తెలిస్తే జనం ఎక్కువ కడుక్కుంటారు. బంగ్లాదేశ్‌లో సబ్బుబిళ్ల లోపల కదలికను నమోదు చేసే సెన్సరు అమర్చి చూస్తే, పరిశీలకులు వచ్చిన రోజున సబ్బు కదలడం పెరిగిందని బయటపడింది. సెన్సర్లు కొనే స్తోమత లేకపోతే, కడిగే చోట నీళ్లూ సబ్బూ రెండూ ఉన్నాయా అని చెప్పకుండా వెళ్లి చూడండి, నెలకు ఎంత సబ్బు అరిగిందో తూచండి. ఇవి పరిపూర్ణం కావు, అడిగి రాసుకున్న మాట కన్నా చాలా నయం.

ఎంతమందిని చూడాలన్నదీ ముందే లెక్కకట్టుకోండి. కడుక్కునేవాళ్లు 20 శాతం నుంచి 30 శాతానికి పెరిగారని నమ్మకంగా చెప్పాలంటే, ప్రచారం జరిగిన వర్గంలో సుమారు 290 మంది, జరగని వర్గంలో సుమారు 290 మంది కావాలి (80 శాతం పవర్, అంటే తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతం; లేని తేడాను ఉందనుకునే పొరపాటు అవకాశం 5 శాతం). అదీ ఒక్కొక్కరినీ విడివిడిగా ఎంచుకుంటేనే. మీరు ఊళ్లను ఎంచుకుని ఊరికి 20 మందిని చూస్తారు కదా, ఒకే ఊరివాళ్లు ఒకరిలా ఒకరు ఉంటారు. ఆ పోలిక కొద్దిపాటిదే అయినా, అంటే సున్నా (పోలికే లేదు) నుంచి ఒకటి (అందరూ ఒకటే) దాకా ఉండే కొలతలో 0.05 అనుకున్నా, కావలసిన సంఖ్య దాదాపు రెట్టింపై వర్గానికి 570 దాకా వెళుతుంది. ఈ లెక్క వదిలేసి రెండు ఊళ్లు మాత్రమే పోల్చి ‘ప్రచారం గెలిచింది’ అని రాసిన నివేదికలు కోకొల్లలు. ప్రచారం జరిగిన ఊళ్లో ఆ ఏడు బోరు వేశారన్న సంగతి వాటిలో కనబడదు.

ప్రశ్న: భయపెట్టే ప్రకటనలు నిజంగా పనిచేస్తాయా? — ఇద్దరు పాఠకులు

భయంతో పాటు వెంటనే చేయగలిగిన పని ఒకటి చూపిస్తే పనిచేస్తాయి. పుండ్లు పడిన ఊపిరితిత్తి బొమ్మ పక్కన మానడానికి సాయపడే ఫోన్ నంబరు ఉండాలి. అది లేకపోతే చూసేవాడు భయాన్ని తగ్గించుకునే సులువైన దారి వెతుక్కుంటాడు, అంటే ప్రకటన నుంచి చూపు తిప్పేస్తాడు.

యువత విషయంలో ఇంకో చిక్కుంది. అమెరికా ప్రభుత్వం 1998 నుంచి 2004 వరకు దాదాపు వంద కోట్ల డాలర్లతో మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా ప్రకటనలు నడిపింది. మదింపు చేసిన పరిశోధకులకు గంజాయి వాడకం తగ్గిన ఆధారం దొరకలేదు. పైగా ప్రకటనలు ఎక్కువ చూసిన పిల్లల్లో కొందరు ‘అందరూ వాడుతున్నారన్నమాట’ అనే అభిప్రాయానికి వచ్చినట్టు సూచనలు కనిపించాయి.

అదే దేశంలో 2000లో మొదలైన ‘ట్రూత్’ ప్రచారం పిల్లలకు ‘వద్దు’ అని చెప్పలేదు. ఒక పొగాకు కంపెనీ కార్యాలయం ముందు కుర్రవాళ్లు 1,200 శవాల సంచులు గుట్టపోశారు, పొగాకు వల్ల రోజుకు పోతున్న ప్రాణాల లెక్క అది. మిమ్మల్ని వాడుకుంటున్నారు అన్న కోపం మీద ఆ ప్రచారం నడిచింది. 1999 నుంచి 2002 మధ్య అక్కడి బడిపిల్లల్లో పొగతాగేవాళ్లు 25.3 శాతం నుంచి 18 శాతానికి తగ్గారు. ఆ తగ్గుదలలో సుమారు 22 శాతం ఈ ప్రచారం పుణ్యమేనని పరిశోధకులు లెక్కకట్టారు. మిగతాది ధరలు, చట్టాలు వంటి ఇతర కారణాల వల్ల వచ్చింది. తగ్గుదల మొత్తాన్నీ తమ ఖాతాలో వేసుకోకుండా విడదీసి చెప్పారు చూడండి, అలాంటి లెక్కనే నమ్మాలి.

‘చాలామంది ఈ తప్పు చేస్తున్నారు’ అనే వాక్యాన్ని ఎక్కడా వాడకండి. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ వనంలో శిలాజ కలప ముక్కల దొంగతనం ఆపడానికి ఒక ప్రయోగం చేశారు. గుర్తుపెట్టిన ముక్కలు దారి పక్కన వేసి, ‘చాలామంది సందర్శకులు ముక్కలు తీసుకెళ్లడం వల్ల అడవి పాడవుతోంది’ అని ఒక బోర్డు పెడితే దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకెళ్లవద్దు’ అని నేరుగా అడిగిన బోర్డు ఉన్నప్పుడు 2 శాతం కూడా పోలేదు. ఆఫీసు నోటీసు బోర్డుల మీద ఈ పొరపాటు రోజూ కనిపిస్తుంది.

ప్రశ్న: తినుబండారాల ప్యాకెట్ల మీద హెచ్చరికలు ఎవరు చదువుతారు? చక్కెర ఎంతుందో వెనకవైపు పట్టికలో ఉండనే ఉంది కదా. — ఒక ఉపాధ్యాయుడు

పట్టిక చదవడానికి తీరిక, కళ్లద్దాలు, కొంచెం గణితం కావాలి. దుకాణంలో మనిషి ఒక్కో వస్తువు ముందు నిలబడేది కొన్ని సెకన్లే. చిలీ దేశం 2016 జూన్‌లో అమల్లోకి తెచ్చిన చట్టం ఈ వాస్తవాన్ని ఒప్పుకుని రాసినది. ప్యాకెట్ ముందువైపు ఎనిమిది పలకల నల్లటి గుర్తు, దానిలో ‘చక్కెర ఎక్కువ’, ‘ఉప్పు ఎక్కువ’ వంటి రెండు మూడు మాటలు, అంతే.

హద్దులను ఒక్కసారిగా బిగించలేదు. ఘనాహారంలో 100 గ్రాములకు చక్కెర హద్దు మొదట 22.5 గ్రాములు, 2018లో 15, 2019లో 10. సోడియం 800 మిల్లీగ్రాముల నుంచి 500కు, అక్కడి నుంచి 400కు. కంపెనీలకు తయారీ మార్చుకునే వ్యవధి ఇస్తూనే, చివరి హద్దు ఎంతో మొదటి రోజే చెప్పేశారు. గుర్తు పడిన సరుకు బడిలో అమ్మకూడదు, పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు ప్యాకెట్ మీద ఉండకూడదు, లోపల ఆటబొమ్మలు పెట్టకూడదు. మొదటి దశ తర్వాత ఇళ్ల కొనుగోళ్లను పరిశీలిస్తే, గుర్తు పడిన పానీయాల కొనుగోలు సుమారు 24 శాతం తగ్గింది.

అక్కడా ఒక పక్కదారి తెరుచుకుంది. చక్కెర తగ్గించి గుర్తు తప్పించుకోవడానికి కొన్ని కంపెనీలు కృత్రిమ తీపిపదార్థాలు కలిపాయి. చిలీ నియమానికి వాటితో పనిలేదు. తర్వాత నియమం రాసిన మెక్సికో, ప్యాకెట్‌లో తీపిపదార్థాలు ఉంటే పిల్లలకు సిఫార్సు చేయరాదన్న వాక్యాన్ని విడిగా చేర్చింది. నియమం రాసేటప్పుడు ‘దీన్ని తప్పించుకోవాలంటే నేనైతే ఏం చేస్తాను?’ అని తయారీదారు స్థానంలో కూర్చుని ఆలోచించే మనిషి ఒకరు గదిలో ఉండాలి.

రంగు, ఆకారం కూడా పరీక్షించి ఎంచుకోవలసినవే. ఆస్ట్రేలియా 2012 డిసెంబరులో సిగరెట్ పెట్టెలన్నిటినీ ఒకే రంగులోకి మార్చేముందు, పొగతాగేవాళ్లకే రకరకాల రంగుల నమూనాలు చూపించి వాళ్లకు అన్నిటికన్నా రోత పుట్టించిన ముదురు పాచి గోధుమ రంగును తీసుకుంది. అధికారుల కంటికి నచ్చిన రంగు వేసుంటే బహుశా కొత్త బ్రాండు ఒకటి తయారయ్యేది.

ప్రశ్న: చక్కెర పానీయాల మీద పన్ను వేస్తే పేదవాడి జేబు చిల్లు పడటం తప్ప ఒరిగేదేముంది? — చిరు వ్యాపారి

పన్ను ఎలా కట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో వేసింది. మొదటి ఏడు కొనుగోళ్లు సుమారు 6 శాతం, రెండో ఏడు దాదాపు 10 శాతం తగ్గాయి. ఇది కొనేవాడి చేతిని ఆపే పన్ను.

బ్రిటన్ వేరే దారి తొక్కింది. 2016 మార్చిలో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలు చేసింది. మొదట పెట్టిన రేట్ల ప్రకారం 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు, 5 నుంచి 8 గ్రాముల లోపుంటే లీటరుకు 18 పెన్స్, 8 గ్రాములూ పైన ఉంటే 24 పెన్స్ పడేది. మధ్యలో రెండేళ్లు ఎందుకు ఇచ్చారంటే తయారీదారు 5 గ్రాముల గీత కిందికి దిగుతాడని. దిగారు కూడా. 5 గ్రాముల గీత దాటిన పానీయాల వాటా, పన్ను రాకపోయి ఉంటే సుమారు 49 శాతం ఉండవలసింది, 2019 ఫిబ్రవరికి 15 శాతానికి పడిపోయింది. కొనేవాడు పన్ను కట్టకుండానే, తన అలవాటు మార్చుకోకుండానే చక్కెర తక్కువ తాగాడు. పేదవాడి జేబు గురించి మీరు పడే ఆందోళనకు ఇంతకన్నా మంచి జవాబు మాకు తెలియదు.

డెన్మార్క్‌లో కథ అడ్డం తిరిగింది. 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు కిలోకు 16 క్రోనర్ల పన్ను వేశారు, అది వెన్న, జున్ను, మాంసం దగ్గర మొదలుపెట్టి బోలెడు వస్తువులకు పాకింది. చిన్న దేశం, సరిహద్దు దాటితే చవక. లెక్కల పని కంపెనీలకు తలనొప్పయింది. 2013 జనవరికల్లా పన్ను ఎత్తేశారు. కొనుగోలుదారు పక్కన ఇంకే దుకాణం ఉంది, అక్కడికి వెళ్లడానికి ఎంత ఖర్చు అన్నది మార్కెటింగ్‌లో మొదటి పాఠం. పన్ను రాసేవాళ్లు ఆ ప్రశ్న వేసుకోలేదు.

ప్రశ్న: ఊరికే ఇస్తే విలువ ఉండదంటారు. ఆరోగ్య సామగ్రికి కొంచెమైనా ధర పెట్టడం మంచిది కాదా? — ఒక సంస్థ నిర్వాహకురాలు

ఈ వాదనను పరీక్షకు పెట్టారండి. కెన్యాలో గర్భిణుల క్లినిక్కుల్లో దోమతెరలను కొన్నిచోట్ల ఉచితంగా, కొన్నిచోట్ల వేర్వేరు ధరలకు ఇచ్చారు. ధర సున్నా నుంచి 60 అమెరికన్ సెంట్లకు పెరిగేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు, అంటే ప్రతి వందమందికీ 60 మంది చొప్పున, తగ్గిపోయారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు ఉచితంగా పొందినవాళ్ల కన్నా ఎక్కువ వాడారన్న ఆధారం దొరకలేదు. దోమతెర ఒకసారి వాడి చూసినవాళ్లు తర్వాత డబ్బు పెట్టి కొనడానికి వెనుకాడలేదని ఆ తర్వాతి పరిశోధనలో తేలింది.

అయితే దీన్ని అన్నిటికీ అంటించకండి. దోమతెర కట్టుకున్నవాడితో పాటు పక్కింటివాడికీ మేలు, ఎందుకు కావాలో అందరికీ తెలుసు, అవసరం లేనివాళ్లకు ఇచ్చినా నష్టం తక్కువ. వృథా అయితే హాని చేసే మందుల విషయంలో లెక్క వేరు. మీ సామగ్రి ఏదైనా సరే, మూడు నాలుగు ధరలను చీటీలు వేసి వేర్వేరు కేంద్రాలకు పంచి, ఒకటి రెండు నెలలు చూసి, తర్వాత ఇళ్లకు వెళ్లి వాడుతున్నారో లేదో చూసుకోండి. ఇచ్చిన లెక్కతో ఆగిపోవద్దు.

ప్రశ్న: సర్వేల్లో అందరూ పర్యావరణానికి మేలు చేసే వస్తువే కొంటామంటారు. అమ్మకాల్లో కనపడదేం?

సర్వేలో మాట ఇవ్వడానికి ఖర్చు లేదు కనక. వస్తువు కొంటారా అని కాకుండా, మొన్న ఏం కొన్నారని అడగండి. వీలైతే బిల్లు చూడండి. ధర, మన్నిక, దొరికే దూరం మార్చి మార్చి జతలుగా చూపించి ఒకటి ఎంచుకోమనండి, అప్పుడు మంచితనానికి ఎంత డబ్బు పెట్టగలరో బయటపడుతుంది. ఐర్లండ్ 2002లో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్లు వసూలు చేయడం మొదలుపెట్టాక వాడకం దాదాపు 90 శాతం పడిపోయింది. ఆ ముందురోజు అక్కడి జనానికి పర్యావరణం మీద ప్రేమ తక్కువేం కాదు.

ప్రశ్న: ‘నడ్జ్’ పేరుతో చిన్న చిన్న మార్పులతోనే పెద్ద ఫలితాలు వస్తాయని చదివాను. ప్రభుత్వాలు చట్టాలు, పన్నుల జోలికి పోకుండా వీటితో సరిపెట్టుకోవచ్చా? — పాలనాశాస్త్ర విద్యార్థి

నడ్జ్ అంటే బలవంతం, జరిమానా లేకుండా చిన్న మార్పుతో మనిషిని ఒక ఎంపిక వైపు మళ్లించడం. దానితో సరిపెట్టుకోకూడదు, దాన్ని వదులుకోకూడదు కూడా. 2022లో స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ అచ్చువేసిన పరిశీలన ఈ విషయంలో అన్నిటికన్నా ఉపయోగపడుతుంది. పరిశోధన పత్రికల్లో వచ్చిన నడ్జ్ ప్రయోగాల సగటు ఫలితం 8.7 శాతం పాయింట్లు. అమెరికాలో రెండు పెద్ద నడ్జ్ విభాగాలు చేసిన 126 ప్రయోగాల్లో, గెలిచినవీ ఓడినవీ అన్నీ కలిపితే, 1.4 శాతం పాయింట్లు. ఇంత తేడాకు పెద్ద కారణం, ఫలితం రాని ప్రయోగాలు పత్రికలకెక్కకపోవడం. ఒక ఉత్తరంలో రెండు వాక్యాలు మార్చితే లక్షల మందిలో 1.4 శాతం కదలడం చవకైన లాభమే. ఊబకాయాన్నో, కర్బన ఉద్గారాలనో దానితో గెలవలేం.

కరెంటు బిల్లుతో పాటు ఇరుగుపొరుగు వాడకం ఎంతో తెలిపే ఉత్తరాలు ఇందుకు నిదర్శనం. అమెరికాలో సుమారు 6 లక్షల ఇళ్ల మీద చూస్తే వాడకం 2 శాతం తగ్గింది. అంతకుముందు కాలిఫోర్నియాలోని ఒక ఊళ్లో చేసి 2007లో అచ్చువేసిన ప్రయోగంలో ఒక ప్రమాదం బయటపడింది. సగటు కన్నా తక్కువ వాడుతున్న ఇళ్లు, ఆ సంగతి తెలియగానే వాడకం పెంచాయి. ఆ సమాచారం పక్కన ఒక నవ్వు ముఖం బొమ్మ గీసి ‘మీరు బాగా చేస్తున్నారు’ అన్న సూచన ఇస్తే ఆ పెరుగుదల ఆగిపోయింది. బొమ్మ వదిలేసి పోలిక ఒక్కటే కాపీ కొట్టినవాళ్లు మంచి ఇళ్లను చెడగొట్టినట్టే.

అవయవదానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2003లో ప్రచురితమైన పోలిక ప్రకారం, వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనే ఆస్ట్రియాలో సమ్మతి 99.98 శాతం, విడిగా ఒప్పుకోవలసిన జర్మనీలో 12 శాతం. ఈ అంకె చూసి చట్టం మార్చుకుంటే చాలనుకోవడం పొరపాటు. సమ్మతి కాగితం మీద పెరుగుతుంది, మార్పిడి జరగాలంటే ఆసుపత్రిలో దాతను గుర్తించే, కుటుంబంతో మాట్లాడే, శిక్షణ పొందిన మనిషి ఉండాలి. స్పెయిన్ అవయవదానంలో ముందుకెళ్లింది ఆ మనుషుల వల్లేనని అక్కడి అవయవ మార్పిడి సంస్థే చెబుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. దరఖాస్తు పైభాగంలో సంతకం చేయిస్తే జనం నిజం రాస్తారన్న 2012 నాటి ప్రసిద్ధ పత్రాన్ని, డేటా కల్పితమని తేలడంతో 2021లో ఉపసంహరించారు. ఒక్క పత్రం మీద ఆధారపడి ఫారాలు మార్చకండి, మీ దగ్గర సగం ఫారాలు పాతవి, సగం కొత్తవి పెట్టి మీరే చూసుకోండి.

ప్రశ్న: కంపెనీలే డబ్బిచ్చి చేయించే పరిశోధనను నమ్మవచ్చా? — పలువురు

ఎవరు డబ్బిచ్చారన్న ఒక్క కారణంతో తోసిపుచ్చలేం, పట్టించుకోకుండానూ ఉండలేం. చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రయోగం మొదలయ్యేముందే ప్రణాళికను బహిరంగంగా నమోదు చేశారా? ఫలితం నచ్చకపోతే ప్రచురణ ఆపే హక్కు ఒప్పందంలో ఎవరికి ఉంది? కొలిచింది జనం ప్రవర్తనా, లేక ‘ప్రచారం గుర్తుందా’ అన్న జ్ఞాపకమా? ఒక పొగాకు కంపెనీ 1990ల చివర పిల్లల కోసం సొంతంగా నడిపిన ‘ఆలోచించు, పొగతాగకు’ ప్రచారం చాలామందికి గుర్తుండిపోయింది. స్వతంత్ర పరిశోధకులు చూస్తే, అది చూసిన పిల్లలు పొగతాగే ఆలోచనకు ఇంకాస్త దగ్గరయ్యారు. గుర్తుండటాన్నే విజయమని రాసుకుని ఉంటే ఎంత అందమైన నివేదిక అయ్యేదో ఊహించండి.

పొగాకు విషయంలో ప్రపంచ దేశాలు గీత గీశాయి. 2005లో అమల్లోకొచ్చిన పొగాకు నియంత్రణ ఒడంబడికలో 5.3 అధికరణం, విధానాల రూపకల్పనను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలంటుంది. తల్లిపాలకు బదులు పసిపిల్లలకు పట్టే పాలపొడి డబ్బాల మార్కెటింగ్ మీద ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే నియమావళి తెచ్చింది, ఆసుపత్రుల్లో తల్లులకు ఉచిత నమూనాలు పంచరాదని అందులో ఉంది. ఈ నియమావళి చట్టం కాదు, ప్రతి దేశమూ విడిగా చట్టం చేసుకోవాలి. చేసుకోని చోట, చేసుకుని తనిఖీలు లేని చోట అది కాగితానికే పరిమితమైంది.

ప్రశ్న: మా పరిశోధన ఫలితాలు అధికారులకు పంపాం, ఎవరూ స్పందించలేదు. ఎలా పంపాలి? — పరిశోధక విద్యార్థి

సమయం చూసుకోండి. ముసాయిదా నియమంపై అభిప్రాయాలు కోరే గడువు సాధారణంగా కొన్ని వారాలే ఉంటుంది, బడ్జెట్ ప్రతిపాదనలు ఏటా ఒకే కాలంలో తయారవుతాయి. ఆ తర్వాత పంపిన గొప్ప పత్రం కన్నా, ఆ లోపల పంపిన రెండు పేజీల నోటు ఎక్కువ పని చేస్తుంది.

నోటులో మొదటి పేరాలోనే ఏ నియమంలో ఏ మాట మార్చాలో రాయండి. ‘వినియోగదారులకు స్పష్టమైన సమాచారం అందాలి’ అని రాస్తే చదివినవాడు తలూపి పక్కన పెడతాడు. ‘హెచ్చరిక అక్షరాల ఎత్తు ప్యాకెట్ ముందుభాగంలో ఇంత శాతానికి తగ్గకూడదు, కారణం ఫలానా పరీక్షలో అంతకన్నా చిన్నవి చాలామంది చూడలేదు’ అని రాస్తే, ఆ వాక్యాన్ని ముసాయిదాలో ఎత్తి పెట్టుకోవచ్చు. తర్వాత ఖర్చు: ఒక మనిషి ప్రవర్తన మారడానికి ఎంత పడింది, దాన్ని అమలు చేయడానికి ఎందరు ఉద్యోగులు కావాలి, తనిఖీ ఎవరు చేస్తారు. సగటు ఒక్కటే ఇవ్వకండి. ఆదాయం తక్కువున్నవాళ్లలో, చదువు రానివాళ్లలో ఫలితం ఎంతో విడగొట్టి చూపండి, సగటున మేలు చేసే నియమం వాళ్లకు కీడు చేయడం అరుదేం కాదు. మీ అంకెకు అటూ ఇటూ ఎంత ఊగిసలాట ఉందో దాచకుండా రాయండి. ఎదుటి పక్షం వాళ్లు అది ఎలాగూ పట్టుకుంటారు, అప్పుడు నోటు మొత్తం మీద నమ్మకం పోతుంది.

నోటు చివర ఫోన్ నంబరు ఇవ్వండి. డేటాను, ప్రశ్నపత్రాన్ని అడిగిన వెంటనే పంపగలిగేలా సిద్ధంగా ఉంచుకోండి. ముసాయిదా రాసే ఉద్యోగి మీకు ఫోన్ చేసేది తరచుగా సాయంత్రం, మర్నాటి సమావేశం కోసం.